బస్సు దాక బాట: దైనందిన ప్రయాణపు ఖర్చును తగ్గించుకొను విధము

పల్లెలో నివసించుచు పట్టణమున పనిచేయువారు నేడు ప్రతి గ్రామమునను కలరు. తెల్లవారగనే అన్నపు డబ్బా చేతబట్టుకొని కర్మాగారమునకో, దుకాణమునకో, కళాశాలకో బయలుదేరి, దీపములు పెట్టు వేళకు ఇల్లు చేరుట వారి నిత్యకృత్యము. ఇంటికి నెలకు బియ్యమెంత, పాలెంత, బడి రుసుము ఎంత అని అడిగినచో ప్రతి గృహిణియు తడుముకొనక చెప్పగలదు. ప్రయాణమునకు నెలకెంత యగుచున్నదని అడిగినచో మాత్రము వెంటనే బదులు చెప్పగలవారు అరుదు. ఒకచోట పది రూపాయలు, వేరొకచోట ఇరువది రూపాయలు చిల్లరగా పోవుటచే ఈ ఖర్చు కంటికి ఆనదు. చిన్న చిల్లి నుండి కారు నీరే కడకు కుండను ఖాళీ చేయును.

ఈ పాఠమున దైనందిన ప్రయాణపు ఖర్చును ముక్కలుగా విడదీసి చూపుటకును, అందు ఏ ముక్కను పంచాయతీ తగ్గింపగలదో తెలుపుటకును పూనుకొనుచున్నాము. ఉదాహరణకు హైదరాబాదు నగరమునకు ఉత్తరమున నున్న సుచిత్ర, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమును తీసికొందము. ఇచ్చటి గ్రామములలో అనేకము ఇటీవలి సంవత్సరములలో పురపాలక పరిధిలో చేరినవి. అయినను ఇచ్చట నేర్చుకొనదగిన విషయము వరంగల్లు, కరీంనగరము, నిజామాబాదు చుట్టుప్రక్కల గ్రామములకు సైతము వర్తించును.

సుచిత్ర కూడలిలో ఒక ఉదయము

సికింద్రాబాదు నుండి బోయినపల్లి మీదుగా మేడ్చల్ వైపునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారిపై సుచిత్ర కూడలి యున్నది. ఉత్తరమునకు సాగిన కొంపల్లి, కండ్లకోయ, మేడ్చల్. పడమటికి తిరిగిన కుత్బుల్లాపూరు, జీడిమెట్ల పారిశ్రామికవాడ. ఉదయము వేళ ఇచ్చట నిలిచి చూచినవారికి ఒక విశేషము గోచరించును. మేడ్చల్ నుండి వచ్చిన బస్సు దిగిన జనము అక్కడితో ఆగరు. వెంటనే షేర్ ఆటోల వైపునకు పరుగిడుదురు. బస్సులో వచ్చిన దూరము పదునాలుగు, పదునైదు కిలోమీటర్లు. ఆటోలో పోవలసిన దూరము రెండు, మూడు కిలోమీటర్లు మాత్రమే.

మేము ఒక ఉదయము ఆ కూడలిలో నిలిచియుండగా బస్సు దిగిన ఒక కార్మికురాలిని, “అమ్మా, ఆడవారికి బస్సు ఉచితమే గదా! ఇంక నీకు దారి ఖర్చు లేనట్లే గదా?” అని అడిగితిమి. ఆమె నవ్వి, “బస్సుకేం లేదు సారూ, బస్సు దాక వచ్చేటందుకే పైసలన్నీ పోతున్నయి” అని బదులు చెప్పెను.

ఈ పాఠము యొక్క సారమంతయు ఆమె మాటలో నున్నది. దూరప్రయాణమునకు ప్రభుత్వము బస్సు నడుపును, రైలు నడుపును. ఇంటి నుండి రోడ్డు వరకును, బస్సు దిగిన చోటు నుండి పనిచోటు వరకును గల కొద్దిపాటి దూరమును ఎవరి తంటాలు వారు పడవలసియున్నది. ఆ కొద్ది దూరమే ఎక్కువ ఖరీదు.

ప్రయాణమునకు మూడు ముక్కలు

పనికి పోవువాని ప్రయాణమును మూడు ముక్కలుగా వ్రాసికొనవలెను. మొదటిది ఇంటి నుండి బస్సు ఆగు చోటు వరకు. రెండవది బస్సుపై గాని రైలుపై గాని పోవు దూరము. మూడవది దిగిన చోటు నుండి పనిచోటు వరకు. ఒక్కొక్క ముక్కకు ఎంత దూరము, ఎంత కాలము, ఎంత ఖర్చు అను మూడు ప్రశ్నలు వేసి బదులు వ్రాసినచో ఒక చిన్న పట్టిక యగును. ఈ పట్టిక లేకుండ “మోటారు సైకిలు కొందమా, బస్సులో పోదమా?” అని ఆలోచించుట తూకము లేకుండ ధాన్యమునకు ధర కట్టుట వంటిది.

నడిమి ముక్క: బస్సు, రైలు

మన ప్రాంతమున ప్రజల బస్సునకు పెద్ద చరిత్ర కలదు. 1932లో నిజాము ప్రభుత్వ రైల్వే శాఖకు అనుబంధముగా 27 బస్సులతో రోడ్డు రవాణా ఆరంభమైనది. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు ప్రత్యేక సంస్థ ఏర్పడి, నేడు టీజీఎస్‌ఆర్టీసీ అను పేర బస్సులు నడుపుచున్నది.

2023 డిసెంబరు 9వ తేదీన మహాలక్ష్మి పథకము అమలులోనికి వచ్చినది. తెలంగాణకు చెందిన బాలికలు, స్త్రీలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను, నగరమున సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలోను ఛార్జీ చెల్లింపకుండ ప్రయాణింపవచ్చును. గుర్తింపు పత్రము చూపి సున్నా టికెట్టు తీసికొనవలెను. “డబ్బు లేని టికెట్టు తీసికొననేల?” అని కొందరు అలక్ష్యము చేయుదురు. ఇది తగదు. ఆ టికెట్ల లెక్కను బట్టియే ప్రభుత్వము సంస్థకు సొమ్ము చెల్లించును. ఏ ఊరి నుండి ఎందరు ఎక్కుచున్నారో డిపో వారికి తెలియుటకు సైతము అదియే ఆధారము. టికెట్టు తీసికొనని ప్రయాణికుడు లెక్కలో లేనివాడే. లెక్కలో జనము లేని ఊరికి బస్సు పెంచుమని అడుగుట కష్టము.

పురుషులకు నెలపాసు మేలు. నగరమున సిటీ ఆర్డినరీ సాధారణ నెలపాసు ధర 2025 జూన్ నెలలో 1,150 రూపాయల నుండి 1,400 రూపాయలకు పెరిగినది. ధర పెరిగినను, దినమునకు రెండు మూడు బస్సులు మారువారికి విడి టికెట్లకంటె పాసే లాభము. ఏలయన పాసు గలవానికి రెండవ బస్సు అదనపు ఖర్చు కాదు. పాసు ఏ హద్దు వరకు చెల్లునో, ఏ తరగతి బస్సులలో చెల్లునో కొనుటకు ముందే అడిగి తెలిసికొనవలెను. విద్యార్థులకు వేరుగా రాయితీ పాసులు కలవు. బడి తెరచిన వెంటనే వానికి దరఖాస్తు చేయించుట పంచాయతీ సభ్యుల మేలైన సేవలలో ఒకటి.

ఇక రైలు. సికింద్రాబాదు నుండి బొల్లారము మీదుగా మేడ్చల్ పోవు రైలుమార్గము ఒక శతాబ్దమునకు పైబడినది. నగర ప్రయాణికులకై 2003లో ప్రారంభమైన ఎంఎంటీఎస్ రైళ్లు 2023 ఏప్రిల్ నుండి మేడ్చల్ వరకు నడచుచున్నవి. గౌడవెల్లి, గుండ్లపోచంపల్లి, బొల్లారము, అల్వాలు మొదలగు స్టేషన్లు ఈ మార్గముననే కలవు. రైలు టికెట్టు మిక్కిలి చవక. అయితే రెండు విషయములు గమనింపవలెను. ఈ రైలు సుచిత్ర కూడలిని తాకదు. కావున సికింద్రాబాదు, మల్కాజిగిరి వైపు పోవువారికే అది అనుకూలము. రైళ్ల సంఖ్య పరిమితము గనుక వేళల పట్టిక చూడక పోయినవారు ప్లాట్‌ఫారముపై కూర్చుండవలసి వచ్చును. పని వేళ, రైలు వేళ కలిసినవారికి మాత్రము ఇంతకు మించిన చవక ప్రయాణము లేదు.

ప్యారడైజ్ నుండి మేడ్చల్ వరకు సుమారు 23 కిలోమీటర్లు, జూబిలీ బస్ స్టేషన్ నుండి శామీర్‌పేట వరకు సుమారు 22 కిలోమీటర్లు మెట్రో రైలు వేయు ఆలోచనను ప్రభుత్వము 2025 జనవరిలో ప్రకటించినది. అంతకుముందు 2024 మార్చిలో ఈ రెండు దిక్కులకును ఎత్తైన వంతెన రహదారులకు శంకుస్థాపన జరిగినది. ఇవి యన్నియు మేలు చేయునవే. అయినను రేపటి మెట్రోకు సైతము ఇంటి నుండి స్టేషను వరకు ఒక ముక్క మిగులును. ఆ ముక్కను నేడే చక్కదిద్దుకొన్న గ్రామము రేపటి సౌకర్యమును ముందుగా అందుకొనును.

చివరి ముక్కలు: నడక, సైకిలు, ఆటో

ఒక కిలోమీటరు వరకు నడకయే ఉత్తమము. ఆరోగ్యవంతుడు గంటకు అయిదు కిలోమీటర్లు నడచును. కావున ఒక కిలోమీటరునకు పండ్రెండు నిమిషములు పట్టును. ఆటో నిండువరకు వేచియుండు కాలమును లెక్కించినచో నడచినవాడే ముందు చేరుట తరచు జరుగును.

ఒకటి మొదలు అయిదు కిలోమీటర్ల వరకు సైకిలునకు సాటి లేదు. మెల్లగా త్రొక్కినను గంటకు పండ్రెండు కిలోమీటర్లు పోవును. మూడు కిలోమీటర్లకు పదునైదు నిమిషములు చాలును. గేర్లు లేని సాధారణపు సైకిలు చాలును. దానిని ఊరి మేస్త్రీయే బాగుచేయగలడు. స్త్రీలకు అడ్డుగొట్టము లేని లేడీస్ సైకిలు, గొలుసుపై మూత, వెనుక చక్రమునకు చీరకొంగు చిక్కుకొనకుండ జాలీ ఉండవలెను. రాత్రి తిరిగి వచ్చువారు ముందు దీపము, వెనుక ఎఱ్ఱని మెరుపు బిళ్ల తప్పక అమర్చుకొనవలెను. లారీలు, బస్సులు వేగముగా పోవు జాతీయ రహదారిపై సైకిలు త్రొక్కుట క్షేమము కాదు. ఊరి బాట వరకే సైకిలు. రోడ్డు చేరగనే దానిని నిలిపి బస్సెక్కవలెను. ఈ నియమమును మరువరాదు.

షేర్ ఆటో సౌకర్యము కాదనలేము. వృద్ధులకు, గర్భిణులకు, సంచులతో పోవువారికి అది అవసరము. అయితే దినమునకు నాలుగు మారులు ఆటో ఎక్కువారికి అది బస్సుకంటె, రైలుకంటె ప్రియమగుచున్నదని గ్రహింపవలెను. ముగ్గురు ప్రయాణికులకు అనుమతి గల ఆటోలో ఏడుగురు, ఎనమండుగురు ఎక్కుట చట్టవిరుద్ధము, ప్రాణాపాయము. సరుకు బండిలోను, ట్రాక్టరు ట్రాలీలోను కూలీలను తరలించుట అంతకంటె ప్రమాదకరము. అట్టి బండి బోల్తాపడినచో బీమా పరిహారము దక్కుట సైతము కష్టమగును.

మోటారు సైకిలు, విద్యుత్ స్కూటరు

నేటి యువకులు ఉద్యోగము దొరికిన వెంటనే వాయిదాలపై మోటారు సైకిలు కొనుచున్నారు. రాత్రి పాళీ పనివారికిని, బస్సు లేని వేళ తిరిగి రావలసినవారికిని అది అవసరమే. కాని పెట్రోలు ఖర్చు ఒక్కటియే దాని ఖర్చనుకొనుట పొరపాటు. బండి ధర, వడ్డీ, బీమా, టైర్లు, నూనె, మరమ్మతు కలిపి చూడవలెను. ఈ లెక్క ముందు పుటలలో చూపెదము.

విద్యుత్ స్కూటరు నడుపు ఖర్చు పెట్రోలు బండి ఖర్చుకంటె మిక్కిలి తక్కువ. 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు తెలంగాణలో విద్యుత్ వాహనములకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపబడినవి. గంటకు 25 కిలోమీటర్లకు మించని, 250 వాట్లకు లోబడిన మోటారు గల చిన్న బండ్లకు రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరము లేదు. అయితే కొనునపుడు బ్యాటరీ హామీ ఎన్ని సంవత్సరములో, తరువాత క్రొత్త బ్యాటరీకి ఎంత యగునో వ్రాతమూలకముగా తెలిసికొనవలెను.

ఇందొక చిక్కు సైతము కలదు. 2024 మార్చి నుండి అమలులో నున్న గృహజ్యోతి పథకము క్రింద అర్హత గల ఇండ్లకు నెలకు 200 యూనిట్ల లోపు విద్యుత్తు ఉచితము. దినమునకు నలువది కిలోమీటర్లు నడచు స్కూటరునకు సుమారు ఒకటిన్నర యూనిట్టు, నెలకు 26 దినములకు 39 యూనిట్లు పట్టుననుకొందము. ఇదివరకే 170 యూనిట్లు వాడు ఇంట ఇది చేరినచో మొత్తము 209 యూనిట్లగును. హద్దు దాటుటచే ఆ నెల మొత్తము బిల్లు చెల్లింపవలసి వచ్చును. అది వెయ్యి రూపాయలకు పైబడవచ్చును. కావున స్కూటరు కొనువారు మొదట తమ ఇంటి కరెంటు బిల్లును చూచుకొనవలెను.

ఒక లెక్క

ఇప్పుడొక ఉదాహరణ చూతము. ఇందలి ధరలు లెక్క నేర్చుటకై అనుకొన్నవి. సభ్యులు తమ ఊరి ధరలను వాని స్థానమున వేసికొనవలెను.

ప్రధాన రహదారికి 3 కిలోమీటర్ల లోపలనున్న గ్రామము. రోడ్డు నుండి సుచిత్ర వరకు బస్సులో 14 కిలోమీటర్లు. సుచిత్ర నుండి జీడిమెట్లలోని పనిచోటునకు 3 కిలోమీటర్లు. నెలకు పని దినములు 26. షేర్ ఆటో ఒక మారునకు 20 రూపాయలు.

ఒక కార్మికురాలి ఖర్చు: బస్సు ఉచితము. ఆటోలు పోవునపుడు రెండు, వచ్చునపుడు రెండు. దినమునకు 80 రూపాయలు, నెలకు 2,080 రూపాయలు.

ఆమె ఊరి నుండి రోడ్డు వరకు సైకిలుపై వచ్చినచో: 6,000 రూపాయల సైకిలు అయిదేండ్లు వాడిన నెలకు 100, మరమ్మతునకు నెలకు 100, మొత్తము 200. సుచిత్ర నుండి ఆటో ఖర్చు 1,040. వెరసి 1,240 రూపాయలు. సైకిలునకు పెట్టిన ధర ఏడవ నెలలోనే తిరిగివచ్చును.

సుచిత్ర నుండి పనిచోటు వైపునకు రెండవ బస్సు దొరకినచో ఆ ఆటో ఖర్చు సైతము పోయి, నెల ఖర్చు 200 రూపాయలకు దిగును.

ఒక కార్మికుని ఖర్చు: పాసు 1,400, నాలుగు ఆటోలకు 2,080, వెరసి 3,480 రూపాయలు. ఊరి వద్ద సైకిలు వాడినచో 2,640 రూపాయలు. సైకిలుతోపాటు సుచిత్ర వద్ద పాసుపైననే రెండవ బస్సు ఎక్కినచో 1,600 రూపాయలు.

అతడే ఇంటి నుండి పనిచోటు వరకు మోటారు సైకిలుపై పోయినచో: దినమునకు 40 కిలోమీటర్లు, నెలకు 1,040 కిలోమీటర్లు. లీటరునకు 50 కిలోమీటర్లు, లీటరు ధర 107 రూపాయలు అనుకొన్న పెట్రోలు 2,226 రూపాయలు. 90,000 రూపాయల బండి ఎనిమిదేండ్లు నడచిన నెలకు 938. మరమ్మతు, టైర్లు, నూనె 500. బీమా 200. వెరసి 3,864 రూపాయలు. వాయిదా వడ్డీ దీనికి అదనము.

ఈ లెక్క వలన తేలినదేమి? పెట్రోలు ఒక్కటియే చూచి “బస్సు, ఆటోలకంటె బండియే చవక” అనుకొన్నవాడు మోసపోవును. అట్లని బండి ఎన్నడును తగదనుట సైతము సరి కాదు. ఒకే దిక్కునకు పోవు ఇద్దరు కలిసి ఖర్చు పంచుకొన్నచో ఒక్కొక్కనికి 1,932 రూపాయలే యగును. ఇంట ఇదివరకే బండి యున్నచో దానిని రోడ్డు వరకే వాడి బస్సెక్కిన పెట్రోలు ఖర్చు నెలకు సుమారు 334 రూపాయలు మాత్రమే. ఎవరికి ఏది తగునో వారి పని వేళ, దారి, ఇంటి స్థితి నిర్ణయించును. కాని అటునిటు ఆటోలు ఎక్కువారి లెక్కలో ఒక్క సత్యము కానవచ్చును: నడిమి పదునాలుగు కిలోమీటర్లకంటె అటునిటు నున్న ఆరు కిలోమీటర్లకే ఎక్కువ సొమ్ము పోవుచున్నది.

నెలకు రెండు వేల రూపాయలు ధనికునకు స్వల్పమే కావచ్చును. పది, పండ్రెండు వేల జీతముపై పనిచేయు స్త్రీకి అది జీతములో అయిదవ, ఆరవ వంతు. “వచ్చినదంతయు దారికే సరిపోవుచున్నది, ఇంటనే ఉండరాదా?” అను మాట ఇంట వినవచ్చుటకు ఇదియే కారణము. ఆడపిల్లను కళాశాల మాన్పించుటకు సైతము ఈ మూడు కిలోమీటర్లే కారణమగుచున్నవి.

ఇతరుల అనుభవము

1990వ దశకపు ఆరంభమున తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు గ్రామీణ స్త్రీలకు సైకిలు త్రొక్కుట నేర్పిరి. వేలాది స్త్రీలు నేర్చుకొనిరి. తొలుత నవ్వినవారే తరువాత తమ ఇంటి ఆడవారికి సైకిళ్లు కొనిపెట్టిరి. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతిలో చేరు బాలికలకు సైకిలు కొనుటకు సొమ్ము ఇచ్చు పథకమును ఆరంభించినది. ఆర్థికవేత్తలు దానిని పరిశీలింపగా ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య సుమారు మూడవ వంతు పెరిగినట్లును, ఆ పెరుగుదల ముఖ్యముగా బడి మూడు కిలోమీటర్లకు మించిన గ్రామములలో కలిగినట్లును తేలినది. బడి కట్టుట ఎంత అవసరమో, బడి వరకు చేరు మార్గము కల్పించుట అంతే అవసరమని దీని వలన తెలియుచున్నది.

పంచాయతీ చేయదగిన పనులు

బస్సు నడుపుట, రైలు నడుపుట పంచాయతీ పని కాదు. ఊరి నుండి రోడ్డు వరకు గల బాట మాత్రము పంచాయతీ కనుసన్నలలోనే యున్నది. ఈ క్రింది పనులకు పెద్ద నిధులు అక్కరలేదు.

1. ప్రయాణ పట్టిక. వార్డు సభ్యుడు తన వార్డులో ఇల్లిల్లు తిరిగి, ఎవరు ఏ ఊరికి, ఏ వేళకు పోయి, ఏ వేళకు తిరిగి వచ్చుచున్నారో వ్రాసికొనవలెను. స్త్రీలు, విద్యార్థులు ఎందరో వేరుగా గుర్తింపవలెను. ఒక ఆదివారము చాలును.

2. డిపోకు విజ్ఞాపన. “మా ఊరికి బస్సు వేయుడు” అను వట్టి కోరికకంటె, “ఉదయము ఏడు గంటలకు నలువదిమంది, సాయంత్రము ఆరు గంటలకు ముప్పదియైదుగురు మా ఊరి దారిలో ఎక్కుదురు” అను పట్టికకు బలమెక్కువ. ఒక్కొక్కప్పుడు క్రొత్త బస్సు అవసరము ఉండదు. ఉన్న బస్సు పావుగంట ముందు వచ్చిన చాలును. గ్రామసభ తీర్మానముతో పట్టికను జతపరచి డిపో మేనేజరునకు అందజేయవలెను. ఇరుగుపొరుగు గ్రామములు కలిసి అడిగిన మరింత మేలు.

3. సైకిలు నిలుపు చోటు. బస్సు ఆగు చోట రేకుల నీడ, తాళము వేయుటకు భూమిలో పాతిన ఇనుప కమ్మీలు, ఒక దీపము ఉన్న చాలును. స్థలము రహదారి శాఖదైనచో ముందుగా అనుమతి పొందవలెను. ప్రక్క దుకాణదారుని కనిపెట్టియుండుమని కోరవచ్చును. దొంగల భయము పోయిననాడే జనము సైకిలు తీయుదురు.

4. బాట, వెలుతురు. ఊరి బాట ప్రక్కల పెరిగిన తుమ్మకంపలు కొట్టించుట, గుంతలు పూడ్పించుట, చీకటి మలుపులలో వీధిదీపము వేయించుట. బాట వెలుగులో నున్నచో స్త్రీలు రాత్రి ఏడు గంటలకు సైతము నడచియో, సైకిలుపైనో నిర్భయముగా రాగలరు. వెలుతురు లేనిచో ఎంత చవకైన మార్గమైనను వారికి అక్కరకు రాదు.

5. ఆటోవారితో ఒడంబడిక. ఆటో ఛార్జీ నిర్ణయించు అధికారము పంచాయతీకి లేదు. అయినను ఊరి ఆటో నడుపువారు మనవారే. వారిని పిలిచి, మర్యాదగా మాటలాడి, అందరికి సమ్మతమైన ధరను, ఎక్కింపదగిన సంఖ్యను బోర్డుపై వ్రాయింపవచ్చును. బస్సు వేళకు ఆటో సిద్ధముగా నుండునట్లు చూచినచో వారికి గిరాకీ, జనమునకు సౌకర్యము కలుగును.

6. సైకిలు నేర్పుట. బడి ఆవరణలో సాయంత్రము వేళ బాలికలకు, స్త్రీలకు సైకిలు నేర్పుటకు మహిళా సంఘములను పురికొల్పవచ్చును. రెండు పాత సైకిళ్లు చాలును.

జాగ్రత్తలు

ఖర్చు తగ్గుట కొరకు క్షేమమును బలియీయరాదు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలకు మోటారు సైకిలు ఇచ్చుట నేడు పల్లెలలో పరిపాటి యైనది. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, అట్టి పిల్లవాడు నేరము చేసినచో తలిదండ్రులకు గాని బండి యజమానికి గాని 25,000 రూపాయల జరిమానా, మూడేండ్ల వరకు జైలుశిక్ష విధింపవచ్చును. నడుపువాడే గాక వెనుక కూర్చున్నవాడు సైతము శిరస్త్రాణము ధరింపవలెను. బస్సు దిగి రహదారి దాటువారు బస్సు ముందు నుండి గాక, అది కదలిపోయిన తరువాత ఇరువైపుల చూచి దాటవలెను. ఈ మాటలను పంచాయతీ సభ్యుడు ముందు తాను ఆచరించి, తరువాత చెప్పినచో వినువారుందురు.

ముగింపు

ప్రయాణపు ఖర్చు తగ్గుట యనగా ఇంటికి చేరు జీతము పెరుగుట. ఏ యజమానియు జీతము పెంచకుండగనే నెలకు వేయి, పదునెనిమిది వందల రూపాయలు ఒక కుటుంబమునకు మిగిలినచో అది పాలకు, పుస్తకములకు, మందులకు అక్కరకు వచ్చును. సుచిత్ర కూడలిలో ఆ సోదరి చెప్పిన మాటను ప్రతి పంచాయతీ సభ్యుడును గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. బస్సు ఊరి ప్రక్కకు వచ్చినది. బస్సు దాక బాటను మనమే చక్కచేసికొనవలెను.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరి నుండి ప్రతిదినము పనికి, చదువునకు బయటకు పోవువారెందరు? అందు స్త్రీలెందరు?

2. వారి ఇంటి నుండి బస్సు లేక రైలు ఎక్కు చోటు వరకు దూరమెంత? దానికి ఒక్కొక్కరికి నెలకెంత ఖర్చగుచున్నది?

3. ఆ బాటలో చీకటి మలుపులు, గుంతలు, ముండ్లకంపలు ఎచ్చటెచ్చట కలవు?

4. బస్సు వేళలలో ఏ మార్పు జరిగినచో ఎక్కువమందికి మేలు కలుగును?

5. దారి ఖర్చు వలన పని గాని చదువు గాని మానినవారు మన ఊర ఉన్నారా? వారు తిరిగి పోవుటకు ఏమి చేయవలెను?